సన్నని సెగపై ఉలవచారు, రాజ్మా యూషం

అపరాల కట్టును ఆహారంగానూ ఔషధంగానూ వాడడం మన దేశంలో మిక్కిలి ప్రాచీనమైన పద్ధతి. ఆయుర్వేద గ్రంథాలు దీనిని ‘యూషం’ అన్నాయి. పెసలు, ఉలవలు, కందులు మొదలైన శమీధాన్యాలను అధిక జలంలో ఉడికించి, వాటి సారం నీటిలోకి దిగిన పిమ్మట వడకట్టి గాని, మెత్తగా మెదిపి గాని సేవించే పలుచని చారే యూషం. ఉప్పు, నెయ్యి, శొంఠి, మిరియాలు వంటివేవీ చేర్చనిది అకృత యూషం. వాటితో సంస్కరించినది కృత యూషం.

వమన విరేచనాది శోధన చికిత్సలు పొందినవారికి మొదట పేయ, తరువాత విలేపి, ఆపైన అకృత యూషం, కృత యూషం, చివరకు మాంసరసం క్రమంగా ఇవ్వాలని చరక సంహిత విధించింది. చిన్న నిప్పురవ్వను ఎండుగడ్డి, పిడకలు కొద్దికొద్దిగా అందిస్తూ పెద్ద మంటగా పెంచినట్లు, సన్నగిల్లిన జఠరాగ్నిని ఈ క్రమంతో నిలబెట్టాలన్నది అందులోని ఉపమానం. జ్వరం తగ్గి లేచినవారికి మన ఇళ్ళలో ఈనాటికీ పెసరకట్టు పోయడం దీని అవశేషమే.

ఇంత పాత వంట ఇప్పుడు ‘స్లో కుక్కర్’ అనే విద్యుత్ పాత్రలోకి చేరింది. విదేశాలలో ఉన్న పిల్లలు తెచ్చి ఇచ్చినవి కొన్ని, మన అంగళ్ళలో కొన్నవి కొన్ని, మధ్యతరగతి వంటిళ్ళలో ఈ పాత్రలు కనిపిస్తున్నాయి. రాత్రి గింజలు, నీరు పోసి మీట నొక్కితే తెల్లవారేసరికి చారు సిద్ధమని వీటి ఆకర్షణ. అపరాల వంటకు సన్నని సెగ నిజంగా హితకరమే. అయితే ఈ పాత్రను వాడేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. అది తెలియక ఇందులో వండిన రాజ్మా ఇంటిల్లిపాదికీ గంటల వ్యవధిలో వాంతులు, విరేచనాలు తెప్పించగలదు.

దాలి నుండి విద్యుత్ పాత్ర వరకు

కషాయాలను మృద్వగ్నిపై, అనగా మెత్తని సెగపై సాధించాలని శార్ఙ్గధర సంహిత చెప్పింది. ద్రవ్యానికి పదహారు రెట్లు నీరు పోసి, ఎనిమిదవ వంతు మిగిలేవరకు నిదానంగా కాచడం అందులోని విధి. మంట పెద్దదైతే నీరు త్వరగా ఇగిరిపోతుంది, ద్రవ్యంలోని సారం మాత్రం లోపలే ఉండిపోతుంది. యూషానికి కూడ ఈ సూత్రమే వర్తిస్తుంది.

మన పల్లెటూళ్ళలో దీనికి దాలి ఉండేది. నేలలో త్రవ్విన చిన్న గుంటలో పిడకలు రాజేసి, పైన నివురు కప్పి, ఒకదానిలో పాలకుండ, మరొకదానిలో పశువులకు పెట్టే ఉలవల కుండ ఉంచేవారు. ఉదయం పెట్టిన ఉలవలు సాయంత్రానికి మెత్తబడేవి. గుగ్గిళ్ళు ఎడ్లకు, వార్చిన కట్టు ఇంటివారికి. కృష్ణా, గుంటూరు జిల్లాల విందులలో నేడు గౌరవస్థానం పొందిన ఉలవచారు ఇట్లా పశువుల కుండలో నుండే వచ్చిందని పెద్దలు చెబుతారు. తమిళనాట కొల్లు రసం, కన్నడనాట హురళి సారు దీనికి తోబుట్టువులు. హిమాలయాలలో కుమావూన్, గఢ్‌వాల్ ప్రాంతాలవారు ఇవే ఉలవలను గహత్ పేరుతో చలికాలమంతా వండుకుంటారు.

విద్యుత్ పాత్ర చరిత్ర కూడ గింజల వంటతోనే మొదలు కావడం విశేషం. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే ఇంజనీరు 1940లో దీనికి పేటెంటు పొందాడు. ఆయన తల్లి స్వస్థలం లిథువేనియాలోని విల్నా. యూదులకు శనివారం సబ్బాతు విశ్రాంతి దినం కనుక ఆనాడు నిప్పు రాజేయరు. అందుచేత చిక్కుడు గింజలు, బార్లీ, మాంసం కలిపిన కుండను శుక్రవారం ప్రొద్దుగూకకముందే రొట్టెల బట్టీలో పెట్టి, చల్లారుతున్న ఆ బట్టీ వేడిమితోనే మరునాటివరకు మగ్గనిచ్చేవారు. ఆ వంటకం పేరు చోలెంట్. తల్లి చెప్పిన ఈ సంగతి నుండి నాక్సన్‌కు తన పాత్ర ఆలోచన వచ్చింది. గింజలు వండే పాత్ర అనే అర్థంలో దానికి ‘నాక్సన్ బీనరీ’ అని పేరు. రైవల్ అనే సంస్థ 1970లో ఆయన వ్యాపారాన్ని కొని, 1971లో దానినే ‘క్రాక్ పాట్’ పేరుతో విడుదల చేసిన తరువాత అది ఇంటింటికీ చేరింది.

పాత్ర నిర్మాణం సులభం. పింగాణీ పూత గల మట్టి కుండ, దాని చుట్టూ వేడి తీగలు, పైన గాజు మూత. మూడున్నర లీటర్ల పాత్ర రమారమి 200 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఎనిమిది గంటలు వండినా ఖర్చు ఒకటిన్నర యూనిట్లకు అటుఇటుగా ఉంటుంది. అడుగంటదు, పొంగదు, దగ్గర నిలబడనక్కరలేదు. దాలిలోని నివురు చేసిన పనినే ఇది చేస్తుంది. అయితే దాలికి ఎక్కించిన గింజలు ఉలవలు. వాటి బదులు ఎర్ర రాజ్మాను ఎక్కించినప్పుడే చిక్కు.

మరుగు పట్టని రాజ్మా విషతుల్యం

చిక్కుడు జాతి గింజలన్నిటిలోనూ కొద్దో గొప్పో లెక్టిన్లు అనే మాంసకృత్తులు ఉంటాయి. మొక్క తన గింజను పురుగుల నుండి కాపాడుకోవడానికి ఏర్పరచుకున్న రక్షణ ఇది. ఎర్ర రాజ్మాలో ఇది మిక్కిలి ఎక్కువ. దాని పేరు ఫైటోహీమాగ్లూటినిన్. పచ్చి గింజలు, సగం ఉడికిన గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుండి మూడు గంటలలో తీవ్రమైన వికారం, వాంతులు, ఆ పిమ్మట విరేచనాలు, కడుపునొప్పి కలుగుతాయి. సాధారణంగా మొదలైన మూడు నాలుగు గంటలలో నెమ్మదిస్తాయి. పసిపిల్లలకు, వృద్ధులకు మాత్రం ఆ కొద్దిసేపటిలోనే శరీరంలోని నీరు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు. అట్టివారిని ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకుపోవలెను.

ఈ విషాన్ని పోగొట్టేది మరుగుతున్న నీరు ఒక్కటే. 100 డిగ్రీల వద్ద తెర్లుతూ ఉడికితే అది నశిస్తుంది. స్లో కుక్కర్‌లో చిన్న సెగపై ఉన్న వంటకం గంటల తరబడి 75, 80 డిగ్రీల వద్దనే ఉండిపోవచ్చు. అంత వేడికి గింజ మెత్తబడుతుంది, చూడడానికి ఉడికినట్లే ఉంటుంది, లోపలి లెక్టిన్ మాత్రం నిలిచే ఉంటుంది. అంతేగాక, 80 డిగ్రీల వరకు మాత్రమే వేడి చేసిన రాజ్మాలో విషప్రభావం పచ్చి గింజల కంటె ఐదు రెట్ల వరకు పెరగవచ్చునని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ తన కరదీపికలో హెచ్చరించింది. చాలామంది గృహిణులు నమ్మని విషయం ఇదే: మెత్తబడడం వేరు, పక్వం కావడం వేరు. బ్రిటన్‌లో 1976 నుండి కొన్నేళ్ళపాటు ఇట్టి సంఘటనలు వరుసగా బయటపడగా, వాటిని పరిశీలించిన వైద్యుల వ్యాసం 1980లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. రాజ్మాను కనీసం ఐదు గంటలు, వీలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటితో పొయ్యిమీద తెర్లే మరుగుపై 30 నిమిషాలు ఉడికించవలెను. బ్రిటన్‌లో 10 నిమిషాలు చాలునంటారు. కాని గింజ లోపలివరకు ఆ వేడి చేరాలి కనుక 30 నిమిషాల నియమమే పాటించదగినది. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 100 డిగ్రీలు దాటుతుంది. అందులో గింజ నొక్కితే పూర్తిగా నలిగేటట్లు ఉడికిస్తే ఈ భయం లేదు. ఉత్తరాదివారు తరతరాలుగా రాజ్మా తింటూ ఈ చిక్కు ఎరుగకపోవడానికి కారణం వారి వంటింటి కుక్కరే. డబ్బాలలో అమ్మే రాజ్మా ముందే ఉడికినది కనుక నేరుగా స్లో కుక్కర్‌లో వేయవచ్చును.

తెల్ల రాజ్మాలో ఈ పదార్థం ఎర్రదానిలో సుమారు మూడవ వంతు ఉంటుంది. దానికీ ఈ నియమమే. ఉలవలలోనూ ఒక లెక్టిన్ ఉన్నది. రక్తనిధులలో ఏ1, ఏ2 అనే ఉపవర్గాలను వేరుపరచడానికి ఉలవల నుండి తీసిన ఆ లెక్టిన్‌నే వాడతారంటే పాఠకులకు ఆశ్చర్యం కలుగవచ్చు. రాజ్మా వలె వాంతులు కలిగించే అపకీర్తి దానికి లేదు. అయినను ఉలవలు, బొబ్బర్లు, అనుములు, చిక్కుడు గింజలు ఏవైనా సరే, పొయ్యిమీద పావుగంట తెర్లిన తరువాతనే విద్యుత్ పాత్రలోకి మార్చడం మేలు. ముందు తీక్ష్ణాగ్ని, ఆ తరువాత మృద్వగ్ని. పెసరపప్పు, కందిపప్పులకు ఒక మరుగు రానిస్తే చాలు.

రాజమాషం వేరు, రాజ్మా వేరు

ఆయుర్వేద గ్రంథాలలోని ‘రాజమాష’ శబ్దం చూసి, రాజ్మా గుణాలను చరకుడే చెప్పాడని కొందరు వ్రాస్తున్నారు. ఇది పొరపాటు. రాజమాషమంటే అలసందలు, మనం బొబ్బర్లు అనే గింజ. రాజ్మా అమెరికా ఖండపు పంట. ఐరోపావారి నౌకలు ఆ ఖండానికి వెళ్ళివచ్చిన తరువాతనే తక్కిన ప్రపంచానికి తెలిసింది. కనుక రాజ్మాకు గ్రంథోక్తమైన గుణపాఠం లేదు. గురుత్వం, ఆధ్మానం కలిగించే స్వభావం చూచి, మినుముల వలె అది ‘గురు’ ద్రవ్యమని ఊహించి వాడుకోవడమే ఉచితం. శమీధాన్యాలలో పెసలు పథ్యతమమని, మినుములు అపథ్యతమమని చరక సంహిత తేల్చింది. రాజ్మా ఏ ప్రక్కన నిలుస్తుందో తిన్న మరునాడు ఎవరి పొట్ట వారికే చెబుతుంది.

గింజ ఉడకకపోవడానికి కారణాలు

ఎనిమిది గంటలు ఉంచినా ఉలవలు రాళ్ళవలె ఉన్నాయని కొందరు పాత్రను నిందిస్తారు. దోషం తరచు గింజలోనో, నీటిలోనో ఉంటుంది.

ధాన్యాలు ఒక సంవత్సరం నిలువ ఉన్నవి ప్రశస్తమని చరకుడు చెప్పాడు. అవి లఘువులు, సుఖంగా జీర్ణమవుతాయి. అయితే వేడి, తేమ గల చోట రెండు మూడేళ్ళు పడి ఉన్న గింజల పొట్టు, కణాల గోడలు గట్టిపడి, ఎంత కాచినా మెత్తబడవు. పాతవి, కొత్తవి కలిసిన గింజలైతే కొన్ని గుజ్జవుతాయి, కొన్ని పలుకుగా మిగులుతాయి. ఒకే సంచిలోని గింజలను ఒకసారి వండడం ఉత్తమం.

రెండవది నీరు. మన మెట్ట ప్రాంతాలలో బోరు నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. గింజలోని పెక్టిన్ అనే జిగురు పదార్థంతో సున్నం కలిసి దానిని బిగబడేటట్లు చేస్తుంది. అట్టి నీటిని ముందు మరగకాచి, చల్లార్చి, అడుగున తెల్లని తేట దిగిన తరువాత పైనీటిని వంచుకుని వాడితే కొంత మెరుగు.

మూడవది పులుపు. చింతపండు, టమాటా, నిమ్మరసం ముందుగా వేస్తే గింజ ఉడకదు. మెత్తబడిన తరువాతనే పులుపు చేర్చవలెను. ఉప్పు విషయంలో లోకంలో ఉన్న భయం అంత నిజం కాదు. లీటరు నీటికి రెండు చెంచాల ఉప్పు కలిపి నానబెట్టి, ఆ నీరు వంచివేసి వండితే పొట్టు త్వరగా మెత్తబడుతుంది. రక్తపోటు ఉన్నవారు మాత్రం ఉప్పు లేని నీటిలోనే నానబెట్టుకోవచ్చును. వంటసోడా చిటికెడు వేసే అలవాటు మానదగినది. గింజ మెత్తబడుతుంది గాని థయమిన్ అనే బి1 విటమిన్ నశిస్తుంది.

నానబెట్టిన నీటిని పారబోస్తే ‘సారం పోతుంది’ అని బాధపడేవారు ఉన్నారు. ఆ నీటితో పోయే వాటిలో ముఖ్యమైనవి రాఫినోజ్ వర్గపు చక్కెరలు. ఇవి మన ప్రేగులలో జీర్ణం కాక, పెద్దప్రేగులోని సూక్ష్మజీవులకు ఆహారమై వాయువును పుట్టిస్తాయి. కొద్దిపాటి లవణాలు కూడ పోతాయి, నిజమే. వాతం చేసే శరీరం గలవారికి ఆ నష్టం కంటె ఈ లాభమే పెద్దది.

ఉలవచారు చేయు విధానం

నలుగురైదుగురికి సరిపడే చారుకు ఉలవలు పావుకిలో తీసుకొనవలెను. ఉలవలలో మట్టిబెడ్డలు, అదే రంగు చిన్న రాళ్ళు తప్పవు. పళ్ళెంలో పోసి వెలుగులో ఏరి, రెండు మూడుసార్లు గాలించి, రాత్రి నానబెట్టవలెను. పన్నెండు గంటలు నానితే మంచిది. ఉదయం ఆ నీరు వంచివేసి, రెండు లీటర్ల కొత్త నీరు పోసి, పెద్ద గిన్నెలో పొయ్యిమీద పావుగంట సేపు తెర్లించవలెను. పైకి తేలే నురుగును గరిటెతో తీసివేయవలెను.

ఈ లోపున స్లో కుక్కర్‌ను మీట వేసి వేడెక్కనివ్వవలెను. మరుగుతున్న ఉలవలను నీటితో సహా అందులోకి మార్చి, చిటికెడు పసుపు వేసి మూత పెట్టవలెను. చల్లని మట్టి కుండలో ఒక్కసారిగా మరుగు నీరు పోస్తే కుండ పగిలే ప్రమాదం ఉన్నది, కావున ముందుగా వేడెక్కించడం మరువరాదు. పాత్ర సగానికి తక్కువ కాకుండా, మూడు వంతులకు మించకుండా నిండి ఉండడం మంచిది. పెద్ద సెగపై ఐదారు గంటలు, చిన్న సెగపై ఎనిమిది నుండి పది గంటలు పడుతుంది. మధ్యలో మూత ఎత్తరాదు. ఒక్కసారి ఎత్తితే పోయిన వేడి తిరిగి రావడానికి అరగంట దాకా పట్టవచ్చు. గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే వెన్నవలె నలగాలి.

ఇప్పుడు వడకట్టి ఉలవకట్టును వేరు చేయవలెను. ఉడికిన ఉలవలలో గుప్పెడు తీసి, మెత్తగా రుబ్బి కట్టులో కలిపితే చారుకు చిక్కదనం వస్తుంది. స్లో కుక్కర్‌లో ఆవిరి బయటకు పోదు కనుక కట్టు పలుచగానే ఉంటుంది. దాలి మీది చారుకున్న ముదురు గోధుమరంగు, ఆ సాంద్రత దీనికి రావాలంటే, కట్టును వెడల్పాటి గిన్నెలోకి మార్చి పొయ్యిమీద సగానికి ఇగిరేవరకు కాచక తప్పదు. ఈ పని కూడ పాత్రే చేస్తుందని ఆశించేవారికి నీళ్ళచారే దక్కుతుంది.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిసికిన రసం, తగినంత ఉప్పు, చిన్న బెల్లపు ముక్క చేర్చి మరి పది నిమిషాలు మరగనివ్వవలెను. రెండు చెంచాల నెయ్యి గాని నువ్వులనూనె గాని కాచి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, చిదిపిన వెల్లుల్లి రెబ్బలు ఎనిమిది, కరివేపాకు, శనగగింజంత ఇంగువ వేసి, ఉల్లిపాయ ముక్కలు ఎర్రగా వేగిన తరువాత చారులో కలపవలెను. మిరియాలు, జీలకర్ర కలిపి దంచిన పొడి ఒక చెంచా చివరలో వేస్తే వాతాన్ని అణచుతుంది.

విందులలో ఉలవచారు మీద మీగడ వేసి వడ్డిస్తున్నారు. రుచికి అది బాగుండవచ్చు. కాని ఉలవలను పాలతో కలిపి తినడం విరుద్ధాహారమని చరక సంహిత స్పష్టంగా చెప్పింది. మీగడ పాలకు దగ్గరిది. ఆయుర్వేదాన్ని పాటించే ఇంటివారు వేడి అన్నంలో చారు పోసి, నెయ్యి వేసుకోవడమే యుక్తం.

మిగిలిన ఉలవలను పారవేయరాదు. నూరు గ్రాముల పచ్చి ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు, 280 మిల్లీగ్రాములకు అటుఇటుగా కాల్షియం, 7 మిల్లీగ్రాములకు పైబడి ఇనుము ఉంటాయి. ‘ఉలవచారు త్రాగితే బలం’ అనే మాటకు ఈ అంకెలనే చూపిస్తుంటారు. వీటిలో అధిక భాగం గింజలోనే ఉండిపోతుంది, వడకట్టిన చారులోకి వచ్చేది కొంత మాత్రమే. కనుక కొబ్బరి, పచ్చిమిర్చి, అల్లం తాలింపుతో గుగ్గిళ్ళు చేసి, నిమ్మరసం పిండి సాయంత్రం తినవలెను. నిమ్మరసంలోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది.

రాజ్మా యూషం

రాజ్మా ఒక కప్పు పైన చెప్పిన విధంగా నానబెట్టి, నీరు మార్చి, 30 నిమిషాలు తెర్లించి వార్చవలెను. స్లో కుక్కర్‌లో ఈ గింజలు, ఐదు కప్పుల మరుగు నీరు, చితకకొట్టిన అల్లం అంగుళం ముక్క, వెల్లుల్లి, క్యారెట్, సొరకాయ ముక్కలు, ఒక బిరియానీ ఆకు వేసి చిన్న సెగపై ఏడెనిమిది గంటలు ఉంచవలెను. గింజ నలిగిన తరువాత టమాటా గుజ్జు, ఉప్పు, ధనియాల పొడి వేసి ఇంకొక అరగంట పెద్ద సెగపై ఉంచవలెను. సగం గింజలను గరిటెతో మెదిపితే చిక్కని యూషం అవుతుంది. వాము, ఇంగువ నేతిలో వేయించి కలపవలెను. చలిదేశాలలో ఉండే మనవారికి రాత్రి భోజనానికి ఒక గిన్నె యూషం, రొట్టె సరిపోతాయి. మన ప్రాంతపు ఎండలలో దీనిని మధ్యాహ్నమే తీసుకోవడం మంచిది.

ఎవరికి హితం, ఎవరికి కాదు

ఉలవలు కషాయరసం, ఉష్ణవీర్యం, అమ్లవిపాకం గలవి. కఫవాతాలను హరిస్తాయి. దగ్గు, ఎక్కిళ్ళు, ఉబ్బసం, మొలలు గలవారికి హితమని శాస్త్రవచనం. జలుబు పట్టి రొమ్ము బరువెక్కినప్పుడు మిరియాలు వేసిన వేడి ఉలవకట్టు ఒక గ్లాసు త్రాగితే సుఖంగా ఉంటుంది. స్థూలకాయులకు కూడ ఇది తగిన ఆహారం.

పిత్తప్రకృతి గలవారు, ఛాతీమంట, కడుపులో పుండు, ముక్కు వెంట రక్తం కారే స్వభావం ఉన్నవారు దీనిని తగ్గించవలెను. నడివేసవిలో అందరూ తగ్గించడమే మంచిది. గర్భిణులకు ఉలవలు వేడి చేస్తాయని పెద్దలు వారిస్తారు. ఆ మాట పాటించినందువల్ల నష్టం లేదు. కీళ్ళలో యూరిక్ ఆమ్లం చేరి బాధపడేవారు, మూత్రపిండాల పని తగ్గి పొటాషియం, మాంసకృత్తులు మితం చేసుకొమ్మని వైద్యుడు చెప్పినవారు ఆయనను అడగకుండా అపరాల చారులేవీ రోజూ త్రాగరాదు.

మూత్రాశ్మరికి, అంటే మూత్రంలో రాళ్ళకు ఉలవకట్టు మంచిదని మన ఇళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలుసు. గ్రంథాలు కూడ దీనిని సమర్థిస్తాయి. సన్నని రాళ్ళు ఉన్నవారు నీరు బాగా త్రాగుతూ, వారానికి రెండు మూడు రోజులు ఈ చారు తీసుకోవడంలో తప్పు లేదు. కాని చారు త్రాగుతున్నామన్న ధైర్యంతో నొప్పిని ఓర్చుకుంటూ ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. నడుము నుండి గజ్జలవరకు భరించరాని నొప్పి, చలితో జ్వరం, మూత్రం ఆగిపోవడం, మూత్రంలో రక్తం, ఎడతెగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి పోవలెను. రాయి అడ్డుపడి చీము పట్టిన మూత్రపిండం గంటలలో ప్రాణం మీదికి తేగలదు.

కరెంటు పోయినప్పుడు, చారు మిగిలినప్పుడు

రాత్రి మీట వేసి నిద్రపోయేవారికి ఒక మాట. గింజలలోని కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరుగు నీటిలోనూ చావవు. చారు 60 డిగ్రీలకు దిగువన గోరువెచ్చగా నిలిచితే అవి మొలకెత్తి వృద్ధి చెందుతాయి. నడిరాత్రి కరెంటు పోయి, ఎప్పుడు వచ్చిందో తెలియకపోతే, గోడ గడియారం నడుస్తున్నదని మోసపోరాదు, అది బ్యాటరీది. పాత్ర మీది విద్యుత్ గడియారం మిణుకుమంటూ ఉంటే సరఫరా ఆగిందని అర్థం. రెండు గంటలకు మించి ఆగిందన్న అనుమానం ఉంటే ఆ చారు పారబోయడమే క్షేమం. మరల మరగబెట్టినంత మాత్రాన ఆ సూక్ష్మజీవులు విడిచిన విషాలన్నీ పోవు. కోతలు ఎక్కువగా ఉన్న ఊళ్ళలోనివారు పగటిపూట, కంటి ఎదుటనే వండుకోవడం మంచిది.

స్లో కుక్కర్ లేనివారు దానికోసం ఖర్చు పెట్టనవసరం లేదు. బొగ్గుల కుంపటి ఉన్నవారికి అది చాలు. గ్యాసు పొయ్యి అయినా, చిన్న చిలుముపై మందపాటి అడుగు గల గిన్నె మూడు గంటలు ఉంచితే ఉలవలు మెత్తబడతాయి. రైస్ కుక్కర్‌లో అన్నం వేడిగా ఉంచే మీట మాత్రం ఈ పనికి వాడరాదు. దాని వేడి స్లో కుక్కర్ కంటె కూడ తక్కువ.

మిగిలిన చారును కుండలోనే వదలక, వెడల్పు గిన్నెలలో పలుచగా పోసి చల్లార్చి, రెండు గంటలలోగా ఫ్రిజ్‌లో పెట్టవలెను. మూడు రోజులలో వాడుకొనవలెను. మరల వేడి చేసేటప్పుడు స్లో కుక్కర్‌లో పెట్టరాదు. అది వేడెక్కేలోపలే చారు గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. పొయ్యిమీద పెట్టి, కలుపుతూ, తెర్లేవరకు కాచి వడ్డించవలెను. ఫ్రిజ్‌లో నిలువ ఉన్న ఉలవచారు రెండవనాడు ఇంకా చిక్కబడుతుంది. అరగ్లాసు వేడినీరు, చిటికెడు ఉప్పు చేర్చి సరిచేసుకొనవచ్చును.